ఆటలో అరటిపండు, 30 ప్రాణాలు

కిందటి నెల మా ఆఫీసులో ఒక మీటింగ్ జరిగింది. దాని ముద్దుపేరు ఆర్‌సీఏ. కొంప ఎందుకు మునిగిందో తీరిగ్గా కూర్చుని తవ్వుకునే కార్యక్రమం అన్నమాట. ఈసారి మునక నా పుణ్యమే. టెస్టింగ్ చేసేటప్పుడు ప్రతిసారీ ఫోన్ తీసి ఓటీపీ చూసి కొట్టడం విసుగొచ్చి, ఫలానా నంబరు కొడితే చాలు లోపలికి పోయేట్టు నాలుగు లైన్లు రాసుకున్నాను. రిలీజ్‌కి ముందు కాన్ఫిగ్‌లో ఆ స్విచ్ ఆపెయ్యాలి. ఆపలేదు. మూడు రోజులు ప్రొడక్షన్‌లో అలాగే ఉంది. అదృష్టం బాగుండి బయటివాళ్ళెవరూ చూడలేదు, మా టెస్టింగ్ టీమ్ అమ్మాయే పట్టుకుంది. మీటింగ్‌లో వాతావరణం తేలిక చేద్దామని "చీట్ కోడ్ తీసెయ్యడం మర్చిపోయానండీ" అన్నాను. ఒక్కరు కూడా నవ్వలేదు.

నవ్వకపోవడం న్యాయమే అనుకోండి. కానీ నా నోట్లోంచి వచ్చిన ఆ మాటే నన్ను పట్టుకుంది. వీడియో గేముల్లో చీట్ కోడ్ పుట్టిందే ఇలాంటి ప్రోగ్రామర్ విసుగులోంచి కదా, మరి ఆయన ప్రపంచప్రసిద్ధుడూ నేను దోషీ ఎలా అయ్యాం? శని, ఆదివారాలు రెండూ ఈ ధర్మసందేహానికే పోయాయి.

ముందు నా సొంత గొడవ చెప్పుకోవాలి. 2006 వేసవి సెలవులు, ఖమ్మంలో తాతయ్యగారిల్లు. మా మేనత్త కొడుకు, అంటే బావ, నాకన్నా అయిదేళ్ళు పెద్ద. ఆ ఏడు నుమాయిష్‌లో కొన్న టీవీ గేమ్ పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. పసుపు రంగు క్యాట్రిడ్జ్, దాని మీద 99999 ఆటలని అచ్చేసి ఉండేది. లెక్కపెడితే ఇరవై దాటవు, మిగతావన్నీ అవే మళ్ళీ మళ్ళీ. (ఆ లేబుల్ వేసినాయన ఇప్పుడు ఏదో స్టార్టప్ పెట్టుకుని ఇన్వెస్టర్లకి లెక్కలు చూపిస్తూ ఉంటాడని నా అనుమానం.) అందులో మా ఇద్దరికీ ప్రాణం కాంట్రా. ఆటకి మూడు ప్రాణాలు. నా మూడూ మొదటి లెవెల్లో వంతెన పేలేసరికే హరీ. మిగిలిన ఆటంతా బావ ఒక్కడే ఆడుకోవాలి, నేను పక్కన కూర్చుని ఏడుస్తుండాలి. చివరికి వాడికే విసుగొచ్చి మంత్రం చెప్పాడు. టైటిల్ వచ్చినప్పుడు పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. మూడు ప్రాణాలు ముప్పై అయిపోయాయి!

ఆ సెలవుల్లోనే నేను కాంట్రా చివరిదాకా ఆడేశాను. ఊరంతా టాంటాం వేస్తుంటే బావ ఒక్క ముక్కలో గాలి తీసేశాడు. "ఒరేయ్, అది తొండాట. నువ్వు ఆటలో అరటిపండువి, లెక్కలోకి రావు." కోడ్ నేర్పిందీ వాడే, లెక్కలోకి రాదన్నదీ వాడే. ఇరవై ఏళ్ళవుతున్నా ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది, ఏంటో.

ఇప్పుడు అసలు చరిత్రలోకి వద్దాం. ఆ మంత్రం కాంట్రాతో పుట్టలేదు. 1985లో కొనామి అనే జపాన్ కంపెనీ గ్రాడియస్ అని ఆర్కేడ్ గేమ్ ఒకటి తెచ్చింది. అంతరిక్షంలో ఒంటరి విమానం, ఎదురుగా లెక్కలేనంతమంది శత్రువులు. దారిలో దొరికే క్యాప్సూళ్ళు ఏరుకుంటూ ఆయుధాలు పెంచుకోవాలి. ఒక్కసారి చచ్చామా, కూడబెట్టిందంతా పోయి ఉత్త విమానం మిగులుతుంది. దాన్ని 1986లో నింటెండో వాళ్ళ ఫామికామ్ పెట్టెకి మార్చే పని కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్ మీద పడింది. తన గేమ్‌ని టెస్ట్ చేసుకోవాలంటే చివరిదాకా ఆడాలి. ఆయనకేమో ఆడటం రాదు! తర్వాతెప్పుడో ఒక ఇంటర్వ్యూలో ఆ సంగతి ఆయనే దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. తనకు సులువుగా గుర్తుండే పద్ధతిలో పది మీటలు వరసగా పెట్టుకున్నాడు. గేమ్ ఆపి ఆ పదీ నొక్కితే దాదాపు ఆయుధాలన్నీ ఒకేసారి వచ్చి ఒళ్ళో పడతాయి. తన గేమ్‌లో తానే అరటిపండు అయ్యాడన్నమాట. :)

ఆ పది మీటలూ అలాగే క్యాట్రిడ్జ్‌లోకి వెళ్ళి జనం చేతిలో పడ్డాయి. రామ్ కాదు, రోమ్. ఒకసారి చిప్ మీద అచ్చయ్యాక హాట్‌ఫిక్స్ లేదు, రోల్‌బ్యాక్ లేదు. కొనామి దీన్ని తప్పుగా అనుకోలేదు సరికదా తర్వాత గేముల్లో కావాలనే పెట్టడం మొదలుపెట్టింది. 1988లో ఫామికామ్ కాంట్రాలో 30 ప్రాణాలు అలా వచ్చినవే. అన్నట్టు, సూపర్ నింటెండోకి వచ్చిన గ్రాడియస్ 3లో ఓ కొంటెపని చేశారు. పాత అలవాటు కొద్దీ అవే మీటలు నొక్కితే ఆయుధాలు వచ్చినట్టే వచ్చి మన విమానం పేలిపోతుంది. హషిమోటో 2020 ఫిబ్రవరిలో పోయాడు. ఆయన రాసిన వేల లైన్ల కోడ్‌లో లోకానికి గుర్తున్నది ఆ పది మీటలే. మనలో చాలామందికి ఆ పాటి కూడా మిగలదు లెండి.

అంత చిన్న పెట్టెలో దీన్ని ఎలా రాశారా అని చూస్తే ముచ్చటేస్తుంది. ఫామికామ్‌లో ఉన్న ప్రాసెసర్ 6502 జాతిది, వేగం 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి రామ్ 2 కిలోబైట్లు. ఈ టపా ఆ రామ్‌లో పట్టదు! కంట్రోలర్‌లో ఎనిమిది మీటలుంటాయి, వాటి స్థితిని ప్రోగ్రామ్ ఒక్కో బిట్ చొప్పున ఎనిమిదిసార్లు చదువుకుంటుంది. కోడ్ పట్టుకోవడానికి పెద్ద యంత్రాంగం ఏమీ అక్కర్లేదు. పది మీటల జాబితా ఒకటి, ఇప్పటికి ఎన్ని సరిపోయాయో గుర్తుంచుకునే ఒక బైట్ చాలు. సరైన మీట నొక్కితే ఒకటి పెంచు, తప్పితే సున్నా చెయ్యి, పది అయితే తలుపు తియ్యి. ఇంటర్వ్యూల్లో అడిగే స్టేట్ మెషీన్ ప్రశ్న ఇదే కదా.

ఇది గేమ్ రాసినవాడు దయతలచి ఇచ్చిన కోడ్. మరి ఆయన ఇవ్వకపోతే? ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే మొదలవుతుంది.

ఇంగ్లండ్‌లో కోడ్‌మాస్టర్స్ అని డార్లింగ్ సోదరుల కంపెనీ ఉండేది. వాళ్ళు గేమ్ జీనీ అని ఒక పరికరం చేశారు. అమెరికాలో దాన్ని గలూబ్ అనే బొమ్మల కంపెనీ, కెనడాలో కామెరికా అనే కంపెనీ అమ్మాయి. క్యాట్రిడ్జ్‌కీ పెట్టెకీ మధ్యలో దీన్ని దూర్చాలి. ప్రాసెసర్ క్యాట్రిడ్జ్‌ని "ఫలానా అడ్రసులో ఏముంది?" అని అడిగే ప్రతి ప్రశ్నా దీని ముందు నుంచే వెళ్తుంది. మనం చెప్పిన అడ్రసు వచ్చినప్పుడు మాత్రం క్యాట్రిడ్జ్ నోరు నొక్కేసి, తన జవాబు ఇస్తుంది. ఇప్పటి మాటల్లో ప్రాక్సీ అన్నమాట. క్యాట్రిడ్జ్‌లో ఒక్క బిట్ కూడా మారదు, పెట్టె ఆపి తీసేస్తే అంతా మామూలే.

కోడ్లు ఆరేసి అక్షరాలు. వాడేది మొత్తం 16 అక్షరాలే, అంటే ఒక్కో అక్షరం 4 బిట్లు. ఆరు కలిపితే 24. అందులో 15 బిట్లు అడ్రసు, 8 బిట్లు కొత్త బైట్, మిగిలిన ఒక బిట్టు ఇది ఆరక్షరాల కోడా ఎనిమిదక్షరాల కోడా అని చెప్పడానికి. వాటిని కలిపేసి కలగాపులగం చేశారు కాబట్టి చూడ్డానికి పిచ్చిరాతలా ఉంటుంది. సూపర్ మేరియో మొదటి గేమ్‌లో ప్రాణాలు తరగకుండా చేసే కోడ్ ఇది: ఎస్, ఎక్స్, ఐ, ఓ, పి, ఓ. శనివారం రాత్రి కాగితం మీద దీన్ని విప్పుకుంటూ కూర్చున్నాను. వచ్చిన అడ్రసు 91డి9, బైట్ ఏడి, రెండూ హెక్సాడెసిమల్‌లో.

ఆ అడ్రసులో అసలు ఉన్న బైట్ సిఇ. 6502 భాషలో సిఇ అంటే "ఫలానా చోట ఉన్న అంకెలోంచి ఒకటి తియ్యి" అని. ఆ ఫలానా చోటు 075ఏ, మేరియో ప్రాణాలు దాచుకునే బైట్. అంటే మేరియో చచ్చిన క్షణంలో నడిచే ఇన్‌స్ట్రక్షన్ అదే. దాని బదులు ఏడి పెడితే ఏమవుతుంది? ఏడి అంటే "ఫలానా చోట ఉన్న అంకెని చదువు" అని అర్థం. తియ్యకు, ఊరికే చూడు. అంతే!

ఇందులో పనితనం ఎక్కడుందో చూడండి. సిఇ మూడు బైట్ల ఇన్‌స్ట్రక్షన్. పూర్తిగా చెరిపెయ్యాలంటే మూడు బైట్లూ మార్చాలి, గేమ్ జీనీ ఒకసారికి ఒప్పుకునేది మూడే కోడ్లు, మొత్తం ఇక్కడే ఖర్చయిపోతాయి. ఏడి కూడా మూడు బైట్లదే, అడ్రసు చదివే పద్ధతీ అదే, కాబట్టి వెనకాల రెండు బైట్లూ ముట్టుకోనక్కర్లేదు. ఇంకో సంగతి. ఆ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ "వచ్చింది సున్నా కన్నా తక్కువా?" అని చూసి ఆట ముగించాలో లేదో తేలుస్తుంది. తీసివేత లాగే చదవడం కూడా ఆ జెండాని సరిగ్గానే పెడుతుంది. కాబట్టి ఆ పరీక్ష తన మానాన తను నిక్షేపంగా నడుస్తుంది, ఆట ఎప్పటికీ అయిపోదు. సోర్స్ కోడ్ లేకుండా, వేరేవాళ్ళ ప్రోగ్రామ్‌లో, ఒక్క బైట్‌తో! మా టీమ్‌లో ఇంత శుభ్రమైన బగ్‌ఫిక్స్ నేను చూడలేదు, నావి కూడా కలిపే చెప్తున్నాను.

నింటెండోకి మాత్రం ఒళ్ళు మండింది. మా గేమ్‌ని మార్చి, అనుమతి లేకుండా దాన్నుంచి కొత్త కృతిని తయారుచేస్తున్నారు, ఇది కాపీరైట్ ఉల్లంఘన అంది. 1990లో వ్యవహారం కోర్టుకెక్కింది. జులైలో అమెరికాలో అమ్మకాలు ఆపమని ఉత్తర్వు తెచ్చుకుంది కూడా. అయితే అలాంటి ఉత్తర్వు ఊరికే ఇవ్వరు, రేపు కేసు ఓడిపోతే అవతలివాళ్ళ నష్టానికి పూచీ కట్టాలి. ఆ పూచీ కోటిన్నర డాలర్లు. ఏడాది పాటు గేమ్ జీనీ అమెరికా దుకాణాల్లోకి రాలేదు. కెనడాలో కోర్టు ఆపలేదు, అక్కడ అమ్ముడవుతూనే ఉంది.

విడ్డూరమేంటంటే, అదే నింటెండో 1988 నుంచీ నింటెండో పవర్ అని సొంత పత్రిక నడుపుతూ, రహస్యాలకనే ఒక శీర్షిక పెట్టి చిట్కాలూ కోడ్లూ అచ్చేసేది. అంటే అరటిపండు చెయ్యడం వాళ్ళకి అభ్యంతరం కాదు. ఎవర్ని చెయ్యాలో తాము చెప్పాలి, అంతే.

1991 జులైలో న్యాయమూర్తి ఫెర్న్ స్మిత్ గలూబ్ వైపు తీర్పు ఇచ్చింది. గేమ్‌కి డబ్బు కట్టి కొనుక్కున్నవాడు తన ఇంట్లో, తన సరదా కోసం ఆట తీరు మార్చుకుంటే అది కొత్త కృతి కాదు, కొన్న పుస్తకంలో పేజీలు దాటేసినట్టూ, కొన్న వీడియో టేపుని ఫార్వర్డ్ చేసుకున్నట్టూ అని ఆవిడ భావం. మా నాన్న సినిమాలన్నీ ఫైట్లు ఫార్వర్డ్ చేసే చూసేవాడు, ఆయన మీద ఏ నిర్మాతా కేసు వెయ్యలేదు మరి. 1992 మేలో పైకోర్టు, అంటే తొమ్మిదో సర్క్యూట్, దాన్నే ఖాయం చేసింది. గేమ్ జీనీలో గేమ్ తాలూకు ముక్క ఏదీ లేదు, అది లేకుండా ఇది పనికిరాదు, ఇది దానికి బదులు కాదు అంది. వాళ్ళిచ్చిన పోలిక మనకి బాగా పట్టుబడేది. వర్డ్ ప్రాసెసర్‌కి తగిలించే స్పెల్‌చెకర్ సంగతేంటి? రెండూ కలిసి కొత్త కృతి అయిపోతాయంటే అలాంటివి ఎవరు తయారుచేసి అమ్ముతారు? ఈ రోజు మనం బ్రౌజర్‌కి యాడ్ బ్లాకర్ పెట్టుకుని, ఎడిటర్‌కి ప్లగిన్లు తగిలించుకుని హాయిగా బతుకుతున్నామంటే, ఆ వాదన వెనకాల ఒక బొమ్మల కంపెనీ ఏడాది నష్టం ఉంది. ఆ కోటిన్నర డాలర్ల పూచీ గలూబ్‌కే చెందాలని 1994లో పైకోర్టు కూడా తేల్చేసింది.

మిగతా చరిత్ర గబగబా. 1993లో మోర్టల్ కాంబాట్ ఇంటి పెట్టెలకొచ్చింది. నింటెండో రూపంలో నెత్తురు తీసేసి చెమట పెట్టారు. సెగా రూపంలో నెత్తురు దాచిపెట్టి, ఏ బి ఏ సి ఏ బి బి నొక్కినవాడికి చూపించారు. ఆ డిసెంబర్‌లో అమెరికా సెనేట్‌లో వీడియో గేముల మీద విచారణ జరిగితే ఈ గేమ్ కూడా బోనెక్కింది, 1994లో వయసుల వారీ రేటింగులొచ్చాయి. సోనిక్ 2లో శబ్దాల పరీక్ష పేజీకెళ్ళి 19, 65, 09, 17 వరసగా వినిపిస్తే ఏ లెవెల్‌కి కావాలంటే ఆ లెవెల్‌కి పోవచ్చు. అది ప్రోగ్రామర్ యూజీ నాకా పుట్టినరోజు, 1965 సెప్టెంబర్ 17. పుట్టినతేదీని పాస్‌వర్డ్‌గా పెట్టుకోవద్దని మా సెక్యూరిటీ వాళ్ళు ఏటా చెప్తూనే ఉంటారు :) తర్వాత యాక్షన్ రీప్లే, గేమ్‌షార్క్ వచ్చాయి. ఇవి రోమ్ కాదు, రామ్‌లో చెయ్యి పెట్టేవి.

మరి మన దగ్గర? మనదాకా గేమ్ జీనీ రాలేదు, నింటెండో పవర్ రాలేదు, అసలు నింటెండోయే సరిగ్గా రాలేదు. వచ్చినవి ఫామికామ్ నకళ్ళు. మాన్యువల్ ఉండదు, కోడ్ నోటి మాటగా ఊళ్ళు తిరిగింది. మా బావకి చెప్పింది ఎవరో ట్యూషన్ స్నేహితుడట, వాడికెవరు చెప్పారో దేవుడికెరుక. పైగా నకలు క్యాట్రిడ్జ్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. మా పసుపు క్యాట్రిడ్జ్ మెనూలో కాంట్రా నాలుగుసార్లు ఉండేది. ఒకటి మామూలుది, ఒకటి 30 ప్రాణాలది, ఒకటి మధ్య లెవెల్ నుంచి మొదలయ్యేది, ఇంకోటి మంచి తుపాకీతో. 99999 అంకె అలా పోగైంది. చిన్నప్పుడు మోసం అనుకున్నాను, ఇప్పుడు చూస్తే చీట్ కోడ్లని మెనూలో పెట్టి దుకాణం నడిపినవాళ్ళు వాళ్ళే.

2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు గేమర్‌స్కోర్ వచ్చింది. నా ఆట నా ఇంట్లో కాకుండా పదిమంది చూసే పట్టికలోకెక్కింది. పట్టిక ఉన్నచోట అరటిపండుకి చోటుండదు. ఆ తర్వాత ఫోన్ గేములొచ్చాయి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ గుర్తుందా? అయిదు ప్రాణాలు, అయిపోతే ఒక్కోటి రావడానికి 30 నిమిషాలు ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. హషిమోటో పద్ధతిలో పది మీటలకి 30 ప్రాణాలు, వీళ్ళ దగ్గర 30 నిమిషాలకి ఒక ప్రాణం! మా అమ్మ కూడా ఊరుకోలేదు. ఎవరో చెప్పారని ఫోన్ గడియారం ముందుకి తిప్పి ప్రాణాలు తెచ్చుకునేది. ఆవిడకి గలూబ్ ఎవరో తెలీదు కానీ ఆ తీర్పుని ఆచరణలో పెట్టింది. వాట్సాప్ తేదీలు తప్పుగా చూపిస్తోందని నన్ను తిట్టింది అదే వారం.

నా ధర్మసందేహం సంగతి. హషిమోటో తెరిచిన తలుపు వెనకాల ఉన్నది ఆడేవాడి ఇల్లే. అక్కడ చచ్చేది పిక్సెళ్ళ శత్రువులు, నష్టపోయేదెవరూ లేరు. నేను తెరిచిన తలుపు వెనకాల వేరేవాళ్ళ ఖాతాలున్నాయి. రెండిటికీ కోడ్ నాలుగు లైన్లే. మీటింగ్‌లో ఎందుకు నవ్వలేదో నాకు ఆదివారం సాయంత్రానికి అర్థమైంది. సోమవారం పొద్దున్నే ఆ నాలుగు లైన్లూ మొత్తం పీకేశాను. ఇప్పుడు ప్రతిసారీ ఫోన్ తీసి ఓటీపీ చూసి కొడుతున్నాను, విసుగ్గానే.

బావ ఇప్పుడు విజయవాడలో బిల్డింగ్ కాంట్రాక్టులు చేస్తున్నాడు. ఇదంతా చెబుదామని ఫోన్ చేశాను. అమెరికా కోర్టు కూడా అది తొండి కాదంది బావా, నేను కాంట్రా గెలిచినట్టే ఒప్పుకో అన్నాను. "అమెరికా కోర్టు సరే, ఖమ్మం కోర్టులో ఒప్పుకోరు" అన్నాడు. ఒక నిమిషం ఆగి మళ్ళీ తనే, "మూడో లెవెల్లో జలపాతం ఎక్కేవాళ్ళం గుర్తుందా? నేను పైకెక్కితే నువ్వు కింద స్క్రీన్ దాటిపోయి చచ్చేవాడివి. నీకు గెంతడం రాక అనుకునేవాడివి. నేను కావాలనే ఎక్కేసేవాణ్ణి రా" అన్నాడు.